ఏటి మీద బోర్లా తేలే నేజా

నేజా మాల్నారిచ్‌కి అరవై దగ్గర పడుతుండగా పట్నంలో కాన్పుల వార్డు మూసేశారు. మంచాలూ ఉయ్యాలలూ లారీకెక్కించి కొండల అవతలి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. "నువ్వు కూడా రా నేజా, నీలాంటి చెయ్యి మాకెక్కడ దొరుకుతుంది?" అన్నాడు పెద్ద డాక్టరు. "మంచాలతో పాటు నన్నూ తాళ్ళేసి కట్టి లారీలో వేస్తారా ఏంటి?" అని నవ్వేసి, తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుని, సైకిలెక్కి ఇంటికొచ్చేసింది.

ఇల్లంటే కోల్పా నది ఒడ్డున పాత పిండిమర. నాన్న బతికున్న రోజుల్లో నది నీళ్ళతో చక్రం తిరిగేది. ఇప్పుడు చక్రానికి నాచు పట్టి, దాని రెక్కల మధ్య పిచ్చుకలు గూళ్ళు పెట్టుకున్నాయి. నదికి అడ్డంగా, ఏటవాలుగా పేర్చిన రాళ్ళకట్ట మాత్రం అలాగే ఉంది. దాని మీంచి నీళ్ళు పగలూ రాత్రీ ఒకే మాట చెబుతున్నట్టు జారుతుంటాయి. ఆ చప్పుడు లేని చోట నేజాకి నిద్ర పట్టదు.

పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని ఒట్టేం పెట్టుకోలేదు. సంబంధం మాట వచ్చినప్పుడల్లా చుట్టుపక్కల ఏ ఇంట్లోనో ఎవరికో నొప్పులొచ్చేవి. ఈవిడ సంచి పట్టుకుని పరిగెత్తేది. తిరిగొచ్చేసరికి పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయి ఉండేవాళ్ళు. అలా అలా వయసు గడిచిపోయింది. ఊళ్ళో ఎవరి మొహం చూసినా ఆ మొహం మొదటిసారి ఎర్రగా ముడుచుకుని ఏడ్చినప్పటి సంగతి గుర్తొచ్చేది తప్ప, తనకంటూ ఎవరూ లేరన్న ఆలోచన పెద్దగా వచ్చేది కాదు.

వార్డు మూసేశాక వచ్చింది. ముఖ్యంగా చేతులకొచ్చింది. పొద్దున్నే లేచి కాఫీ కలుపుకుని బల్ల ముందు కూర్చుంటే, ఆ రెండు చేతులూ బల్ల మీద ఎవరో మర్చిపోయి వెళ్ళిన చేతుల్లా పడి ఉండేవి. తోట తవ్వింది. పోగాచా రొట్టెలు కాల్చి ఊరంతా పంచింది. పక్కింటి రేస్కా చివరికి గుమ్మంలోంచే, "తల్లీ, నీకు దణ్ణం పెడతాను, ఇంక రొట్టెలు చెయ్యకు. మా ఆయన ప్యాంట్లు పట్టడం లేదు" అని చెప్పేసింది.

ఆ జూన్‌లో ఎండలు మండిపోయాయి. కోల్పా నీళ్ళు ఒంటికి హాయిగా, గోరువెచ్చగా అయ్యాయి. ఒక సాయంత్రం నేజా పాత ఈతబట్టలు తొడుక్కుని మర వెనక మెట్లు దిగింది. అక్కడ గోడకున్న మేకుకి ఎవరో పర్యాటకులు మర్చిపోయిన నీటి కళ్ళద్దాలు వేలాడుతున్నాయి, గాలి పీల్చుకునే గొట్టంతో సహా. ఎన్నాళ్ళుగా ఉన్నాయో, రబ్బరు కాస్త గట్టిపడింది. సరదాగా పెట్టుకుని, మెడలోతు నీళ్ళలో మొహం ముంచింది.

పుట్టిన దగ్గర్నుంచీ ఆ నది ఒడ్డునే ఉంది. అందులో బట్టలుతికింది, ఈదింది, నాన్నతో పడవలో తిరిగింది. కానీ నదిని ఎప్పుడూ పైనుంచే చూసింది. అదొక ఇంటికి కప్పు మాత్రమే అనీ, ఆ కప్పు కింద దీపాలు వెలుగుతున్న గదులున్నాయనీ ఆ క్షణం దాకా తెలియదు.

పచ్చటి వెలుగు. ఎండ ముక్కలు ముక్కలై ఇసుక మీద ఊగుతోంది. పొడుగాటి నీటిమొక్కలు ఒకే వైపు జుట్టు దువ్వుకున్నట్టు వాలి ఉన్నాయి. ఎంత సేపు చూసిందో, ఏమీ కదలడం లేదనుకుంది. అప్పుడు ఇసుకకి కన్ను మొలిచింది. చిన్న నల్లటి కన్ను. దాని పక్కన ఇంకోటి. ఊపిరి బిగబట్టి చూస్తే ఇసుక కొంచెం పైకి లేచి, ఓ చిన్న మూతి బయటికొచ్చింది. మూతికి ఆరు మీసాలు. తర్వాత వేలెడంత పొడుగున, రిబ్బను ముక్కలా పల్చటి ఒళ్ళు. పక్కల వెంట ఎవరో తీరిగ్గా కూర్చుని దిద్దినట్టు వరసగా గోధుమరంగు చుక్కలు. అది ఇసుక నోటినిండా తీసుకుంది, కాసేపు నమిలింది, చెంపల పక్కనుంచి వదిలేసింది. పొగలా లేచిన ఆ ఇసుక మెల్లగా మళ్ళీ కిందికి వాలింది.

నేజిత్స. అంటే చిన్న నేజా. ఆ చేపకి అక్కడ అదే పేరు. చిన్నప్పుడు నాన్న దాన్ని గాలానికి గుచ్చేవాడు కాబట్టి పేరు తెలుసు. బతికున్నది ఎలా బతుకుతుందో తెలియదు. "చూడు, నీ చెల్లెల్ని గుచ్చుతున్నా" అని నాన్న ఆటపట్టిస్తే ఏడ్చేది.

చీకటి పడే వేళకి ఒళ్ళు ముడతలు పడి, పళ్ళు టకటకలాడుతూ మెట్లెక్కింది. మర్నాడు మళ్ళీ దిగింది.

రాళ్ళకట్ట కింద, నీళ్ళు జోరుగా పారేచోట రాళ్ళ నీడల్లో ఇంకో జాతి ఉంటుంది. బొద్దుగా, మచ్చమచ్చలుగా, అవే ఆరు మీసాలతో. ఆ చేపని బాబిత్స అంటారు. బాబిత్స అంటే అమ్మమ్మ. బాబిత్స అంటే మంత్రసాని కూడా. ఊళ్ళోవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

"మన బాబిత్స ఏది, కనపడదేం?"

"బాబిత్సలకి కాన్పులు చెయ్యడానికి ఏట్లో దిగింది."

"మగపిల్లాడా, ఆడపిల్లా?"

"ముందు మీసాలొచ్చాయట. మగపిల్లాడే అయ్యుంటాడు."

సారాకొట్టు ముందు బెంచీ మీద కూర్చుని నల్ల ద్రాక్షసారా తాగుతూ ఇలాంటివి అనుకుని పగలబడి నవ్వేవాళ్ళు. నేజా తడి జుట్టుతో అటుగా వెళుతూ, "నవ్వండ్రా నవ్వండి, మీ అందరికంటే అవే బుద్ధిగా ఉన్నాయి. ఒక్కటీ తాగిరాదు" అని వెళ్ళిపోయేది.

నిజానికి నీళ్ళలో ఆవిడ చేసింది కొత్త పనేం కాదు. తొందరపడకూడదు. చెయ్యి పెట్టకూడదు. కనిపెట్టుకుని ఉండాలి. ఒకసారి ముచ్చటపడి ఒక నేజిత్సని వేలితో తాకబోతే, అది కంటి కిందనున్న సన్నటి ముల్లు లేపి చురుక్కుమని పొడిచింది. "సరే తల్లీ, నీ ఒళ్ళు నీది" అనుకుని చేతులు వీపు వెనక కట్టుకోవడం నేర్చుకుంది. బోర్లా తేలుతూ, చేతులు వెనక్కి కట్టుకుని, నది ఎటు తీసుకుపోతే అటు మెల్లగా పోయేది. నది పెద్ద దూరమేం తీసుకుపోదు, కోల్పాకి ఎండాకాలం తొందర ఉండదు. కొన్నిసార్లు తను చూస్తోందో, నిద్రపోతోందో, చిన్నప్పుడెప్పుడో కన్న కలలోకి మళ్ళీ దిగిందో తెలిసేది కాదు. చెవుల్లో తన ఊపిరి చప్పుడొక్కటే. ఆ చప్పుడు వింటుంటే ప్రసవగదిలో తెల్లవారుజాము గుర్తొచ్చేది. నొప్పికీ నొప్పికీ మధ్య తల్లి కళ్ళు మూసుకుంటుంది, గదంతా ఊపిరి తప్ప ఇంకేం వినపడదు, అప్పుడు.

అలా కొన్ని వేసవులు గడిచాయి.

ఒక మే నెల చివర, సాయంత్రపు ఎండ వాలుగా పడుతున్నప్పుడు, నది నడిమధ్యలో నాచు దట్టంగా పెరిగిన చోట ఆవిడ ఆగిపోయింది. నాచులో ఒక పెద్ద ఆడ నేజిత్స మెలికలు తిరుగుతోంది. దాని పక్కనే ఓ చిన్న మగచేప. ఆడది ముందుకు పోయినప్పుడల్లా అదీ పోతోంది, ఆగితే ఆగుతోంది. ఉన్నట్టుండి ఆ మగచేప ఆడదాని నడుం చుట్టూ చుట్టుకుపోయింది. అచ్చం వేలికి ఉంగరం తొడిగినట్టు. ఒక్క క్షణం రెండూ వణికాయి. విడిపోయాయి. నాచు పోగుల మీద గింజల్లా గుడ్లు మెరిశాయి.

నేజా ఎన్ని వందల పుట్టుకలు చూసిందో! పుట్టుకకి ముందు జరిగేదాన్ని ఇంత దగ్గరగా, ఇంత నిశ్శబ్దంగా చూడటం అదే మొదలు. ఇంకొంచెం దగ్గరికి జరిగింది. తల ఠపీమని దేనికో కొట్టుకుంది.

లేచి చూస్తే ఎదురుగా ఇంకో జత నీటి కళ్ళద్దాలు. వాటి కింద తడిసి కారుతున్న తెల్ల మీసం.

"ఎవరండీ మీరు? చూసుకోనక్కర్లేదా?" అంది నేజా నుదురు రుద్దుకుంటూ.

"ఆఁ?"

"చూసుకోరా అంటున్నా!"

"చూస్తూనే ఉన్నానండీ! అందుకేగా గుద్దుకున్నాం!" ప్లాట్‌ఫారం ఆ చివరున్న మనిషిని పిలుస్తున్నట్టు అరిచాడాయన.

"అరవకండి. అవి బెదిరిపోతాయి."

"ఏవి? వియూన్లా?"

"వియూన్లేంటి? నేజిత్సలు."

"మా కూపాలో వాటిని వియూన్లనే అంటారు."

"కూపా ఎక్కడిదండీ మధ్యలో? ఇది కోల్పా."

ఇద్దరూ మెడలోతు నీళ్ళలో నిలబడి ఒకరి కళ్ళద్దాల్లోకి ఒకరు చూసుకున్నారు. ఆయన అవతలి గట్టువాడు, క్రొయేషియా మనిషి. ఇదే నదిని వాళ్ళు కూపా అంటారు. నది మధ్యలోంచి రెండు దేశాలకీ సరిహద్దు పోతుంది. యాస వేరేగానీ ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడమంటూ లేదు. నిన్న మొన్నటి దాకా అంతా ఒకే దేశం.

"మనం నిలబడ్డది సరిగ్గా హద్దు మీద," అన్నాడాయన. "మీ వైపున్న సగం నేజిత్స, మా వైపున్న సగం వియూన్. ఒప్పుకుంటారా?"

"అది తిరగబడితే?"

"మనం కూడా అటూ ఇటూ మారదాం. ఇంతకీ మీ పేరు?"

"నేజా."

"ఆఁ?"

"నేజా!"

ఆయన నవ్వడం మొదలుపెట్టి, నీళ్ళు మింగి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. "ఇదేం అన్యాయమండీ! మీ గట్టున చేపలన్నిటికీ మీ పేరే పెట్టేసుకున్నారా?"

"అన్నిటికీ కాదు. బాగున్నవాటికే."

ఆయన పేరు యురాయ్. రైలింజను నడిపి రిటైరయ్యాడు. ఇంజను మోతకి చెవులు సగం పోయాయి. భార్య చనిపోయి చాన్నాళ్ళయింది, చెల్లెలు కాతాతో కలిసి ఉంటున్నాడు. రోజూ వంతెన మీంచి రైలు పోతున్నప్పుడు కింద పచ్చటి నీళ్ళు చూసి, ఉద్యోగం అయిపోయాక అందులో ఏముందో చూడాలనుకునేవాడట.

"ఇన్నేళ్ళూ వంతెన దాటడానికి పట్టినంత సేపే చూశాను. ఇప్పుడు బకాయి మొత్తం తీర్చుకుంటున్నా," అన్నాడు.

ఆ వేసవి అంతా వాళ్ళిద్దరూ రాళ్ళకట్ట మధ్యలో ఎండకి కాగిన రాళ్ళ మీద కూర్చునేవాళ్ళు. నేజా పోగాచా తెచ్చేది. ఆయన తన పెరటి చెట్టుకి కాసిన, రేగుపళ్ళంత చిన్న పసుపు ప్లమ్ పళ్ళు టోపీలో వేసుకొచ్చేవాడు, ఈదుతూ, టోపీ తల మీద పెట్టుకుని. గట్టు మీద మాట్లాడాలంటే నేజా గొంతు చించుకోవాల్సి వచ్చేది. నీళ్ళలో ఆ బాధ లేదు. అక్కడ ఇద్దరూ చెవిటివాళ్ళే. ఆయన మోచేత్తో తట్టి వేలు చూపిస్తే అటు చూసేది. ఆవిడ చెయ్యి పట్టి ఆపితే ఆగేవాడు. బాబిత్స రాయి నీడలోంచి సగం బయటికొచ్చి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ లోపలికి పోవడం చూస్తే, ఇద్దరి గొట్టాల్లోంచీ ఒకేసారి నవ్వు బుడబుడమని వచ్చేది.

మీరు అనే మాట ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

రేస్కా ఒకరోజు గోడ మీంచి తొంగిచూసి అడిగింది. "ఆ అవతలి గట్టాయన ఏమంటాడే?"

"ఏమంటాడు? ఆఁ అంటాడు."

"అదికాదే. మనసులో ఏమైనా..."

"మనసులో ఉన్నది అరిచి చెప్తే ఊరంతా వింటారు, మెల్లగా చెప్తే ఆయనకి వినపడదు. ఏం చెయ్యమంటావు చెప్పు?"

మాట సరదాకే అంది. కానీ సెప్టెంబరు ఆఖర్లో అలాగే జరిగింది. నీళ్ళు చల్లబడుతున్నాయి. నేజిత్సలు ఇసుకలో ఇంకా లోతుకి పోతున్నాయి. ఆ ఏడాదికి అదే చివరి రోజని ఇద్దరికీ తెలుసు. యురాయ్ తువ్వాలు భుజాన కప్పుకుని, అలవాటు పక్కనపెట్టి, అరవకుండా, ఎంతో జాగ్రత్తగా గొంతు తగ్గించి అడిగాడు.

"మా వైపు వచ్చేయకూడదూ? ఇల్లు పెద్దది. కాతా నోరు కాస్త దురుసు గానీ మనిషి మంచిది. వంటింటి కిటికీలోంచి నది కనపడుతుంది."

నేజా నీళ్ళ వైపు చూస్తూ, "వస్తాను" అంది.

నీళ్ళకి చెప్పినట్టు మెల్లగా అంది. రాళ్ళకట్ట చప్పుడులో ఆ మాట కొట్టుకుపోయింది. యురాయ్ ఆవిడ పెదాలు కదలడం చూడలేదు, పక్కకి తిరిగిన చెంప మాత్రం చూశాడు. కాసేపు ఎదురుచూశాడు. తర్వాత తల ఊపి, "సరేలే" అన్నాడు. టోపీ తల మీద పెట్టుకుని నీళ్ళలోకి దిగాడు. మళ్ళీ చెప్పాలనుకుంది నేజా. ఆ మాట గట్టిగా అరవడానికి సిగ్గేసింది. ఎంతమంది ఆడవాళ్ళని "అరిచెయ్యమ్మా, సిగ్గుపడకు, అరిచెయ్యి" అని బతిమాలిందో! తన దాకా వచ్చేసరికి తువ్వాలు మడత పెట్టుకుంటూ ఉండిపోయింది. వచ్చే వేసవికి చెప్పొచ్చులే అనుకుంది.

నవంబరులో లారీలొచ్చాయి. ఎక్కడెక్కడో యుద్ధాల నుంచి పారిపోతున్న జనం ఈ దారిన రాకుండా ఆపాలన్నారు. సైనికులు బ్లేడు తీగ చుట్టలు దించి గట్టు పొడుగునా విప్పుకుంటూ పోయారు. నేజా మర వెనక మెట్లకీ నీళ్ళకీ మధ్య ఆ తీగ ముళ్ళకంపలా లేచి నిలబడింది. చలికాలంలో మంచు దాని మీద పడితే దూరానికి అందంగా కూడా కనపడేది. దగ్గరికెళితే లేడి వెంట్రుకలు గుత్తులుగా చిక్కుకుని ఉండేవి. ఓ పొద్దున సగం కోసుకుపోయిన కోటు చెయ్యి ఒకటి వేలాడుతోంది. ఎవరిదో, బతికున్నారో లేదో. నేజా దాన్ని విప్పబోయి వేళ్ళు కోసుకుంది. విప్పి, ఉతికి, ఆరేసి, ఏం చెయ్యాలో తెలియక అలమారలో పెట్టింది.

ఆ చలికాలం నది కప్పు కింది గదులు ఆవిడకి నిద్రలో కనపడేవి. గదులున్నాయి, దీపాలున్నాయి, తలుపు మాత్రం లేదు.

ఏప్రిల్ పోయి మే వచ్చింది. తీగలో అక్కడక్కడా ఇనుప గేట్లు పెట్టారు, పశువుల కోసం, నీళ్ళు తోడే మోటార్ల కోసం. గస్తీకి వచ్చే పోలీసు గాష్పెర్‌ని గేటు దగ్గర పట్టుకుంది నేజా. తువ్వాలు భుజాన, కళ్ళద్దాలు చేతిలో.

"గేటు తియ్యరా."

"కుదరదు నేజత్తా. పశువులున్నవాళ్ళకే తియ్యమన్నారు."

"నాకూ ఉన్నాయి పశువులు."

"నీకెక్కడివత్తా?"

"నీళ్ళలో మేస్తున్నాయి."

గాష్పెర్ నవ్వాపుకోడానికి టోపీ సర్దుకున్నాడు. మనిషి తాడిచెట్టంత ఉంటాడు, ఇద్దరు పిల్లల తండ్రి. "అత్తా, నన్ను ఇరికించకు. పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

"ఒరేయ్, నువ్వు కాళ్ళు ముందు పెట్టి వచ్చావు, తెలుసా? మీ అమ్మ పగలంతా అరిచింది. వెనక్కి తిప్పుదామంటే తిరగవు, బయటికి రమ్మంటే రావు. ఆ రోజు నేను కుదరదు అన్నానా?"

"ఈ సంగతి నా పెళ్ళిలో కూడా చెప్పావు."

"తియ్యకపోతే నీ పిల్లల పెళ్ళిళ్ళలో కూడా చెప్తాను."

గాష్పెర్ ఇటూ అటూ చూసి తాళం తీశాడు. "అటువైపు మాత్రం వెళ్ళకు," అన్నాడు. నేజా అప్పటికే నీళ్ళలో ఉంది.

నీళ్ళు ఇంకా చల్లగా, గుండె పట్టేసేలా ఉన్నాయి. మొహం ముంచింది. అన్నీ ఉన్నాయి. మొక్కలు కొత్తగా చిగురు తొడిగాయి. వరదలకి ఇసుక దిబ్బ ఒకటి కాస్త పక్కకి జరిగింది, అంతే. రాయి పక్కన ఒక నేజిత్స ఇసుక నముల్తోంది, ఎవరి తీగా తనకి పట్టనట్టు. కళ్ళద్దాల లోపల వెచ్చగా తడి చేరింది. కాసేపటికి ఏమీ కనపడక, తల పైకెత్తి అవి విప్పి తుడుచుకోవాల్సి వచ్చింది.

యురాయ్ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ వారమంతా నది మధ్య నాచు దగ్గర తేలుతూ ఎదురుచూసింది. చేపలు జతకట్టే రోజులు వచ్చాయి. ఉంగరాల్లా చుట్టుకుని విడిపోతున్నాయి. పక్కనుంచి మోచేత్తో తట్టేవాళ్ళు లేక, చూసింది చూసినట్టు అనిపించలేదు.

ఆదివారం మధ్యాహ్నం చేతులు వీపు వెనకనుంచి విప్పి, అవతలి గట్టుకి ఈదేసింది.

అటువైపు తీగ లేదు. మెత్తటి గడ్డి, బాతులు. నేజా ఈతబట్టల్లోనే, పాదాలకి చెప్పుల్లేకుండా, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఊరి వీధిలో నడిచింది. చర్చి నుంచి వస్తున్న జనం దారిచ్చి నిలబడ్డారు. ఒక ముసలాయన టోపీ తీసి దణ్ణం కూడా పెట్టాడు, ఎందుకో. ఇంజను డ్రైవరు యురాయ్ ఇల్లెక్కడని అడిగితే ముగ్గురు ఒకేసారి చూపించారు.

పెరట్లో బక్కగా, నిటారుగా ఉన్న ఒకావిడ కోడి ఈకలు పీకుతోంది. కాతా అయ్యుంటుంది. నేజాని కింది నుంచి పైకి చూసింది, పై నుంచి కిందికి చూసింది.

"నువ్వేనా చేప?"

"నేనే అనుకుంటా."

"వేసవిలో రోజూ తడి బట్టలు తెచ్చి నా మొహాన కొట్టేవాడు నీ వల్లే కదూ. రావడం ఇప్పుడు వచ్చావా? చలికాలంలో మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చుని కిటికీలోంచి నీళ్ళు చూడ్డమే పని. తిండి పెడితే తింటాడు, లేకపోతే లేదు. తువ్వాలు కావాలా? నా బండలన్నీ తడుపుతున్నావు."

యురాయ్ వంటింట్లో కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. బాగా చిక్కాడు. మీసం మాత్రం అలాగే ఉంది. గుమ్మంలో నీళ్ళు కారుతూ నిలబడ్డ మనిషిని చూసి, కలలో వచ్చినవాళ్ళని పలకరిస్తే పోతారేమోనని భయపడేవాడిలా కదలకుండా ఉండిపోయాడు.

"వస్తానన్నాను," అంది నేజా.

"ఆఁ?"

నేజా గుండెనిండా గాలి పీల్చుకుంది. "ఆ రోజే వస్తానన్నాను! నీకు వినపడలేదు! వస్తానన్నాను!"

పెరట్లో కుక్క మొరిగింది. వీధిలో ఎవరో ఆగారు. కోడిని చేత్తో పట్టుకుని కాతా లోపలికొచ్చింది. "ఇంక ఊరందరికీ చెప్పే పని మిగల్లేదు. కూర్చో. పులుసులో ఇంకో చెంబుడు నీళ్ళు పోస్తాను."

ఆ సాయంత్రం గాష్పెర్ ఫోను చేశాడు, నంబరు ఎలా సంపాదించాడో. "అత్తా, నువ్వు అటువైపున్నావా?"

"ఉన్నాను."

"కాగితాల్లేకుండా దాటావా?"

"ఈతబట్టలకి జేబులుండవురా."

"రేపు నేనే కారులో వంతెన మీదికి వస్తాను, నీ పాస్‌పోర్టూ బట్టలూ తెస్తాను. ఇంకేమైనా కావాలా?"

"రేస్కాని అడిగి మా ఇంట్లో పోగాచాలు తీసుకురా. చాలా ఉన్నాయి," అంది.

జూన్ నడిమికి నీళ్ళు వెచ్చబడ్డాయి. డాక్టరు యురాయ్‌ని కర్రతో నాలుగడుగులు వెయ్యమన్నాడు. నది నాలుగడుగుల దూరంలో లేదు. ఆడవాళ్ళిద్దరూ తోటలో మట్టి మోసే ఒంటిచక్రం బండిలో దిండ్లు వేసి, ఆయన్ని కూర్చోబెట్టి గట్టు దాకా తోశారు. కాతా దారిపొడుగునా తిడుతూనే ఉంది. "ఈ వయసులో ఇదేం ఖర్మరా నాకు. రైలు నడిపినవాడివి, ఇలాంటి బండెక్కడానికి సిగ్గులేదూ?" వినపడనివాడిలా యురాయ్ ఎదర పచ్చగా మెరుస్తున్న నీళ్ళనే చూస్తున్నాడు. ఎదురొచ్చిన ఒకరిద్దరికి తల ఊపి, స్టేషను దాటుతున్నట్టు నోటితో కూత కూడా వేశాడు.

మోకాలిలోతు నీళ్ళలో నేజా ఆయన్ని మెల్లగా బోర్లా పడుకోబెట్టింది. పొట్ట కింద ఒక చెయ్యి, గుండె కింద ఒక చెయ్యి. ఆ చేతులకి ఆ బరువు కొత్తది. పట్టుకోవడం మాత్రం కొత్త కాదు. మొదట ఆయన ఒళ్ళు కర్రలా బిగుసుకుంది. తుంటి నొప్పిని నీళ్ళు తీసేసుకుంటుంటే ఒక్కో కీలూ వదులైంది. చివరికి బరువే లేదు. కింద ఇసుక మీద వెలుగు ఊగుతోంది. ఒక నేజిత్స, గంజి తాగుతున్న పసిబిడ్డలా తీరిగ్గా ఇసుక నమిలి వదుల్తోంది. ఆయన చెయ్యి వెనక్కి చాచి, ఆవిడ మోచేతిని తట్టి, వేలు చూపించాడు. చూస్తున్నానని ఆవిడ కూడా తట్టింది.

పెళ్ళి చేసుకున్నారో లేదో ఊళ్ళో రకరకాలుగా చెబుతారు. కాతాని అడిగితే, "నాకు వండటమే తెలుసు, ఇద్దరికా ముగ్గురికా అనేదే లెక్క" అంటుంది. నేజా ఆదివారాలు వంతెన మీంచి వచ్చి మర కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చి పోయేది. కొన్నేళ్ళకి మళ్ళీ లారీలొచ్చి ఆ బ్లేడు తీగ విప్పి చుట్టలు చుట్టుకుని తీసుకుపోయాయి. గట్టు మీద గడ్డి మొలిచింది. మర వెనక మెట్ల మీద పిల్లలు మళ్ళీ కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటున్నారు.

యురాయ్ కర్రతో నడుస్తాడు. నీళ్ళ దగ్గరికొచ్చాక కర్ర గట్టున గుచ్చి వదిలేస్తాడు. ఇద్దరూ పక్కపక్కన, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బోర్లా తేలుతుంటారు, గంటలకొద్దీ. మొన్న ఆగస్టులో పడవల మీద వెళుతున్న చెక్ పర్యాటకులు వీళ్ళని చూసి హడలిపోయారు. ఒకమ్మాయి కెవ్వుమంది. ఒకబ్బాయి తెడ్డు చివరతో నేజా వీపు మీద మెల్లగా తాకాడు. నేజా తల ఎత్తి, పెదాల మీద వేలు పెట్టుకుని, వాళ్ళని పొమ్మని సైగ చేసింది. పడవలు చప్పుడు చెయ్యకుండా, తెడ్లు ఎత్తిపెట్టి, నది ఎటు తీసుకుపోతే అటు జారిపోయాయి.

అప్పటికి యురాయ్ కూడా తలెత్తాడు. "ఏమంటారు వాళ్ళు?"

"మనం చచ్చిపోయామా అని అడుగుతున్నారు!"

"నువ్వేమన్నావు?"

"ఇంకా లేదన్నాను!"

"మంచిపని చేశావు," అని ఆయన మళ్ళీ నీళ్ళలో మొహం పెట్టేశాడు. ఆవిడ గొట్టంలో చేరిన నీళ్ళు ఊదేసి, ఆయన పక్కనే వాలింది. కింద నేజిత్స ఇసుక నమిలే ఆ రాయి పక్కన ఇద్దరూ చాలాసేపు ఉన్నారు.